సోలార్ ప్యానెల్ కరెంటుతో వంట, వేడిని దాచుకుని రాత్రి భోజనం: విశాఖ ఇళ్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

డాబా మీద ఒకటో రెండో ప్యానెళ్లు పెట్టి, ఆ కరెంటుని బాగా మందంగా కప్పిన పొయ్యిలో వేడిగా మార్చి దాచుకుని, సూర్యుడు దిగిపోయాక కూడా వండుకోవచ్చు. ఇది వినగానే గాజువాక నుంచి మధురవాడ దాకా అందరూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతున్నారు. వాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాను. కొన్ని పొడుగ్గా ఉంటాయి, ఎందుకంటే అక్కడే అసలు సంగతి ఉంది.

ఇది పాతకాలం అద్దాల పెట్టె కుక్కరేనా?

కాదండీ. పెట్టె కుక్కర్లో ఎండ నేరుగా గిన్నె మీద పడాలి, అందుకే వంట డాబా మీదే జరగాలి. ఇక్కడ డాబా మీద ప్యానెల్ మాత్రమే ఉంటుంది. దాన్నుంచి రెండు వైర్లు వంటింట్లోకి దిగుతాయి, లోపల హీటింగ్ కాయిల్‌ని వేడెక్కిస్తాయి. కాయిల్ చుట్టూ రాయో ఇనుమో లాంటి బరువైన సరుకు, దాని చుట్టూ మందమైన ఇన్సులేషన్. పగలంతా ఆ బరువు మెల్లగా వేడెక్కుతుంది, సాయంత్రం మూత తీసి గిన్నె పెట్టుకోవడమే. మధ్యలో బ్యాటరీ లేదు, ఇన్వర్టర్ లేదు.

ప్యానెల్ ఎండలో ఐదో వంతే కరెంటుగా మారుస్తుంది కదా, అద్దాలతో నేరుగా వేడి చేస్తే లాభం కాదా?

చదరపు మీటరు లెక్కన చూస్తే అద్దాలదే గెలుపు, అందులో వాదనేమీ లేదు. తిరుమలలో 2002లో పెట్టిన 106 షెఫ్లర్ డిష్‌లు (ఎండని ఒకచోటికి చేర్చే పెద్ద అద్దాల పళ్లేలు) అలాంటివే, రోజుకి పదిహేను వేల మందికి వండేంత ఆవిరి తయారు చేయడానికి వేశారు. షిర్డీలోనూ, ఆబూ రోడ్డు బ్రహ్మకుమారీల దగ్గరా అదే పద్ధతి. పెద్ద వంటశాలకి, చూసుకునే మనిషి ఉన్నచోట అది చక్కగా నడుస్తుంది.

ఇంటికి వచ్చేసరికి లెక్క మారుతుంది. డిష్ సూర్యుడి వెంట తిరగాలి, అద్దాలు తుడవాలి, పైగా దానికి నీడలు గట్టిగా పడే నిక్కమైన ఎండ కావాలి. మన విశాఖలో సముద్రం గాలితో తేమ, పలచని మబ్బు, ఆకాశమంతా తెల్లగా ఉండే రోజులు బోలెడు. అలాంటి వెలుతురుని అద్దం ఒక చోటికి చేర్చలేదు. ప్యానెల్ మాత్రం ఎంతో కొంత తీసుకుంటుంది. పైగా వేడిని గొట్టంలో మూడు అంతస్తులు దించడం కంటే కరెంటుని వైరులో దించడం ఎంత తేలికో వేరే చెప్పక్కర్లేదు.

నలుగురున్న ఇంటికి ఎంత ప్యానెల్ కావాలి?

గ్యాస్ బండ నుంచి లెక్క మొదలుపెట్టండి, మీ ఇంటి సంగతి మీకే తెలుస్తుంది. 14.2 కిలోల బండలో దాదాపు 180 యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే) వేడి ఉంటుంది. స్టవ్ మీద అందులో అరవై శాతం గిన్నెకి చేరితే గొప్పే, అంటే 105 నుంచి 110 యూనిట్లు. మీకు బండ నలభై ఐదు రోజులు వస్తుందనుకుంటే, రోజుకి గిన్నెలోకి వెళ్తున్నది రెండున్నర యూనిట్ల లోపే. అందులోనూ చాలా భాగం మూత లేకుండా మరిగించడంలో, గిన్నె పక్కల నుంచి గదిలోకి పోతుంది. కప్పిన పొయ్యిలో ఆ నష్టం ఉండదు కాబట్టి అన్నం, పప్పు, ఒక కూర మధ్యాహ్నానికి, మళ్లీ రాత్రికి చేసుకోవడానికి ఒక యూనిట్ చుట్టుపక్కల సరిపోతుంది.

విశాఖలో ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకి సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది అనుకోండి. 540 వాట్ల పెద్ద ప్యానెల్ ఒకటి మంచి రోజున రెండు యూనిట్లు ఇస్తుంది. ఒకటితో మొదలుపెట్టొచ్చు, రెండుంటే మబ్బు రోజున కూడా టెన్షన్ ఉండదు. మూడోది కొనేముందు మాత్రం ఆగండి, ఆ డబ్బు ఇన్సులేషన్ మీద పెడితే వచ్చే లాభం ఎక్కువ. కింద మళ్లీ మళ్లీ ఈ మాటే చెబుతాను, ఎందుకంటే అందరూ ప్యానెల్ మీద ఖర్చు పెట్టి దీన్నే పట్టించుకోవట్లేదు.

వేడిని దేంట్లో దాచాలి? ఇసుకా, రాయా, ఇనుమా, నూనెనా?

కిలోకి ఎంత వేడి పడుతుందో ముందు చూద్దాం. ఒక కిలోని ఒక డిగ్రీ పెంచడానికి ఇనుముకి 0.45 కిలోజౌళ్లు కావాలి, రాయికీ ఇసుకకీ 0.8 దాకా, అల్యూమినియానికి 0.9. నీళ్లకి 4.2, అన్నిటికన్నా మేలు, కానీ నీళ్లు వంద డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, వంద డిగ్రీల వేడితో ఇంకో గిన్నెలో నీళ్లు మరగవు. కాబట్టి నీళ్లు స్నానానికి సరే, వంటకి పనికిరావు.

ముప్పై కిలోల రాయిని 250 డిగ్రీల దాకా వేడి చేశామనుకోండి. అది 110 డిగ్రీలకి దిగేలోపు మనకి ఇచ్చేది 0.9 యూనిట్ పైమాటే. అర కిలో లోపు బియ్యంతో అన్నం వండటానికి, మూత పెట్టి వండితే, 0.2 యూనిట్ కూడా పట్టదు. అంటే నలుగురి రాత్రి వంటకి ముప్పై కిలోల రాయి చాలు, ఇంకా మిగులుతుంది.

మరి ఇనుము ఎందుకు అంటే చోటు కోసం. కిలో లెక్కన ఇనుము వెనకబడినా, అదే చోటులో చూస్తే రాయి కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ వేడి పట్టుకుంటుంది, ఎందుకంటే దాని సాంద్రత అంత. పొయ్యి చిన్నదైతే చుట్టూ కప్పాల్సిన ఉపరితలం కూడా తగ్గుతుంది, నష్టం తగ్గుతుంది. రెండో లాభం, ఇనుము వేడిని త్వరగా లోపలికి తీసుకుంటుంది, త్వరగా బయటికిస్తుంది. మందమైన ఇనుప పలకలు కోయించుకోవడం మన ఊళ్లో కష్టమేమీ కాదు, గాజువాక ఆటోనగర్‌లో ఫాబ్రికేషన్ షెడ్లకి కొదవ లేదు. మామూలు మైల్డ్ స్టీల్ అడగండి. జింక్ పూత ఉన్న రేకు మాత్రం వద్దు, 200 డిగ్రీలు దాటి గంటల తరబడి ఉంటే ఆ పూత పొరలుగా లేచిపోతుంది.

ఇసుక చౌక, కానీ ఒక చిక్కుంది. ఇసుక తనలోంచి వేడిని పోనివ్వదు. కాయిల్ దగ్గర ఇసుక భగభగలాడుతుంటే నాలుగు అంగుళాల అవతల గోరువెచ్చగానే ఉంటుంది, సాయంత్రం గిన్నె పెడితే గిన్నెకి ఆనుకున్న ఇసుక చల్లబడి ఊరుకుంటుంది, వెనకాల ఉన్న వేడి ముందుకి రాదు. ఇసుకే వాడాలనుకుంటే లేత్ షాపులో దొరికే ఇనుప తురుము కలపండి, లేదా కాయిల్ నుంచి గిన్నె అడుగు దాకా ఇనుప పలకలు నిలబెట్టి వాటి మధ్య ఇసుక పోయండి. బీచ్ ఇసుక వద్దే వద్దు, దాంట్లో ఉప్పుంటుంది, కాయిల్‌నీ రేకునీ తినేస్తుంది. ఏటి ఇసుక కడిగి, బాగా ఎండబెట్టి వాడాలి. రాళ్లయినా అంతే, తడి పట్టిన రాయిని ఒక్కసారిగా వేడి చేస్తే లోపలి నీరు ఆవిరై రాయి పగులుతుంది, చిట్లి ఎగిరిపడుతుంది కూడా. మొదటి రెండు మూడు రోజులు తక్కువ వేడి మీద, మూత తీసి, తేమంతా పోనివ్వండి.

నూనె సంగతి: వద్దు. వంట నూనెలు 220, 230 డిగ్రీల దగ్గర పొగ మొదలుపెడతాయి, ఆ పైన అంటుకుంటాయి. మనిషి దగ్గర లేకుండా పగలంతా వేడెక్కే పొయ్యిలో పది లీటర్ల నూనె పెట్టడం ప్రమాదం.

ఇంకొకటి ఎరిత్రిటాల్. షుగర్ ఉన్నవాళ్లకి తీపి కోసం అమ్మే పొడి ఇదే. 118 డిగ్రీల చుట్టూ కరుగుతుంది, కరిగేటప్పుడు కిలోకి దాదాపు 340 కిలోజౌళ్లు మింగుతుంది, గట్టిపడేటప్పుడు తిరిగిస్తుంది. వంటకి సరిగ్గా కావలసిన వేడి అది, అందుకే కాలిఫోర్నియాలోని కాల్ పాలీ విశ్వవిద్యాలయం వాళ్లు తమ సోలార్ ఎలక్ట్రిక్ కుక్కర్లలో దీన్ని వాడి చూశారు. కష్టాలూ ఉన్నాయి: కరిగినది చల్లబడ్డా వెంటనే గట్టిపడకుండా ద్రవంగానే ఉండిపోవచ్చు, మళ్లీ మళ్లీ వేడి చేస్తుంటే పాడవుతుంది, రాయితో పోలిస్తే ఖరీదు. మన ఇళ్లకి నేనైతే ఇనుమూ రాయే చెబుతాను.

ఇన్సులేషన్ అంత ముఖ్యమా?

అదే ముఖ్యం. పొయ్యి ఉపరితలం 0.7 చదరపు మీటరు, చుట్టూ పదిహేను సెంటీమీటర్ల గ్లాస్ ఊల్ (గాజు పీచు), లోపలికీ బయటికీ 170 డిగ్రీల తేడా అనుకుంటే దాదాపు నలభై వాట్ల చొప్పున వేడి పోతూ ఉంటుంది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా అంటే 0.16 యూనిట్, ఫరవాలేదు. అదే గ్లాస్ ఊల్ ఐదు సెంటీమీటర్లే ఉంటే మూడు రెట్లు, అంటే అరయూనిట్ ఆ నాలుగు గంటల్లోనే గాలిలో కలిసిపోతుంది. మీరు దాచినదాంట్లో సగం అది. దాన్ని పూడ్చడానికి ఇంకో ప్యానెల్ కొంటామా, ఇంకో పది సెంటీమీటర్ల ఊల్ చుడతామా?

గ్లాస్ ఊల్, రాక్ ఊల్ రెండూ పనికొస్తాయి. కాయిల్‌కి దగ్గరగా రాక్ ఊల్ గానీ సెరామిక్ ఫైబర్ దుప్పటి గానీ వేసి, బయట గ్లాస్ ఊల్ వేస్తే ఇంకా మంచిది. చుట్టేటప్పుడు మాస్కు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఆ నూగు చర్మానికీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. గట్టిగా కుక్కకండి, మధ్యలో చిక్కిన గాలే వేడిని ఆపేది. థర్మోకోల్ వాడారంటే వంద డిగ్రీల దగ్గరే మెత్తబడి కూలిపోతుంది, పైగా అంటుకుంటుంది. పొడి ఊక కూడా మంట పట్టేదే, ఊక బూడిద అయితే చక్కని ఇన్సులేషన్, పల్లెల్లో ఉచితంగా దొరుకుతుంది.

మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది మూత. పక్కలన్నీ మందంగా కప్పి పైన ఒక పలచటి రేకు పెడితే వేడంతా అక్కడి నుంచే పోతుంది. మూత కూడా పదిహేను సెంటీమీటర్ల మందమే ఉండాలి, లోపలికి దిగి బిగుతుగా కూర్చోవాలి. ఇంకా, మన గాలిలో తేమ ఎక్కువ, తడిసిన ఊల్ పని చెయ్యదు. గిన్నె నుంచి వచ్చే ఆవిరి ఊల్లోకి వెళ్లకుండా లోపలంతా రేకుతో మూసెయ్యండి.

రాత్రి ఎనిమిదికి సరే, మరి బి షిఫ్ట్ నుంచి పదిన్నరకి వచ్చేవాళ్లకి? పొద్దున్న ఇడ్లీకి?

పదిన్నరకి వచ్చే మనిషికి దీనికంటే సుఖమైన ఏర్పాటు లేదు. ఎనిమిదికి వండేసి గిన్నెలు ఆ పొయ్యిలోనే వదిలేస్తే, ఫ్లాస్కులో పోసిన కాఫీలా, వచ్చేసరికి పొగలు కక్కుతూ ఉంటాయి. స్టవ్ వెలిగించి మళ్లీ వేడి చేసే పని ఉండదు.

పొద్దున్న ఇడ్లీ కష్టం. రాత్రి వంట అయ్యాక మిగిలిన వేడిలోంచి పది గంటల్లో ఇంకో 0.4 యూనిట్ దాకా పోతుంది. ఆరింటికి చూస్తే రాయి బాగా వేడిగానే తగులుతుంది గానీ ఇడ్లీకి కావలసినంత జోరుగా ఆవిరి రాదు, పిండి ఉడకడం ఆలస్యమై గట్టిపడుతుంది. ఆ వేడితో స్నానానికి నీళ్లు, పాలు కాచుకోవడం అయితే హాయిగా అవుతుంది. ఇడ్లీని గ్యాస్ మీదే పెట్టుకోండి, దాని గురించి బాధపడాల్సిందేమీ లేదు. పొద్దున్న గ్యాస్, మధ్యాహ్నం రాత్రి ఎండ, ఇలా పంచుకుంటేనే ఏడాది పొడుగునా నడుస్తుంది.

ఏమేం వండొచ్చు?

నీళ్లలో ఉడికేవన్నీ. అన్నం, ముద్దపప్పు, పప్పుచారు, కూరగాయల పులుసు, చేపల పులుసు, గుడ్లు, చిలగడదుంపలు. చోడి (రాగి) అంబలికి ఇది పుట్టిల్లు, అడుగంటకుండా మెల్లగా ఉడుకుతుంది. ఉలవచారు అన్నిటికన్నా బాగా వస్తుంది. పొద్దున్న తొమ్మిదికి నానబెట్టిన ఉలవలు పెట్టేస్తే మధ్యాహ్నం మూడు దాకా అలా కాగుతూనే ఉంటాయి, గ్యాస్ మీద అంతసేపు ఎవరు పెడతారు చెప్పండి. నాటుకోడి కూడా అంతే, ముక్క ముదురుదైనా మెత్తబడుతుంది.

రానివి: దోసెలు, పూరీలు, వేపుళ్లు. నూనె 170, 180 డిగ్రీల దగ్గర నిలబడి ఉండాలి, ప్రతి పూరీకీ వేడి గబగబా అందాలి. మందమైన ఇనుప పలక 250 డిగ్రీల మీద ఉంటే నాలుగైదు దోసెలు వస్తాయి, ఆ తర్వాత పలక చల్లబడి పిండి అంటుకుంటుంది. పోపు గరిటెతో గ్యాస్ మీద ఒక నిమిషంలో అయిపోతుంది, దానికోసం పొయ్యి మూత తీసి వేడి పోగొట్టుకోవద్దు.

కాయిల్‌ని ప్యానెల్‌కి నేరుగా కలిపేయొచ్చా?

కలపొచ్చు, కాయిల్ ఓములు (కరెంటుని అది ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) సరిగ్గా ఎంచుకుంటే. 540 వాట్ల ప్యానెల్ పూర్తి ఎండలో దాదాపు 41 వోల్టులు, 13 ఆంపులు ఇస్తుంది. 41ని 13తో భాగిస్తే 3.1 ఓములు. ఆ విలువ ఉన్న నైక్రోమ్ (హీటర్లలో వాడే తీగ) కాయిల్ పెడితే మిట్టమధ్యాహ్నం ప్యానెల్ ఇవ్వగలిగినదంతా వేడవుతుంది.

చిక్కు మబ్బు వేళప్పుడు. ఎండ సగమైతే ఆంపులు ఆరున్నరకి పడతాయి, అదే కాయిల్ మీద వోల్టులూ ఇరవైకి పడతాయి, వాట్లు 130. ఆ సమయంలో ప్యానెల్ ఇవ్వగలిగింది 260కి పైనే, సగం వృథా. ఎండ పావు వంతుకి పడితే మనకొచ్చేది ముప్పై చిల్లర వాట్లు. పొద్దున్న తొమ్మిది లోపు, సాయంత్రం మూడు తర్వాత, వర్షాకాలం రోజంతా ఇదే కథ.

దీనికి చౌకైన మార్గం, ఒకే కాయిల్ బదులు 6.2 ఓముల కాయిల్‌లు రెండు పెట్టడం. మంచి ఎండలో రెండూ పక్కపక్కన (పారలల్‌లో) కలిపి వాడితే 3.1 ఓములు. ఎండ తగ్గితే ఒకటి ఆపెయ్యండి, మిగిలిన 6.2 ఓముల మీద ఆరున్నర ఆంపులు అంటే నలభై వోల్టులు, మళ్లీ 260 వాట్లు వచ్చేస్తాయి. ఒక్క స్విచ్చి తిప్పినందుకు రెట్టింపు వేడి! ఎప్పుడూ తిప్పుతూ కూర్చోలేం అనుకుంటే దానంతటదే సర్దుకునే ఎంపీపీటీ కన్వర్టర్లు ఉన్నాయి, ఖర్చు ఎక్కువ.

కాల్ పాలీ వాళ్లు ఇంకో ఉపాయం కూడా చూపించారు, కాయిల్ బదులు డయోడ్లని (కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగాలు) గొలుసులా కలిపి వేడి పుట్టించడం. డయోడ్ మీద వోల్టేజీ దాదాపు మారదు కాబట్టి ఎండ ఎంత తగ్గినా ప్యానెల్ తన మంచి వోల్టేజీ దగ్గరే పని చేస్తుంది. గిన్నె అడుగున, నీళ్లలో ఉడికే వంటకి బాగుంటుంది. కానీ మామూలు డయోడ్లు 150, 175 డిగ్రీలు దాటి బతకవు, కాబట్టి 250 డిగ్రీల రాతి పొయ్యికి నైక్రోమే.

మా ఇంట్లో పాత ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ ఉంది, దానికే ప్యానెల్ వైర్లు ఇచ్చేస్తే?

వద్దు. 230 వోల్టుల మీద 700 వాట్లు లాగే కుక్కర్ కాయిల్ విలువ 75 ఓములు, నలభై వోల్టులు ఇస్తే ఇరవై చిల్లర వాట్లే వస్తాయి, అన్నం కాదు కదా నీళ్లు కూడా వేడెక్కవు. అంతకంటే ముఖ్యం, అందులోని స్విచ్చి ఇంటి లైన్లో వచ్చే ఏసీ కరెంటు కోసం చేసింది. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్చి తెరిచినప్పుడు నిప్పురవ్వ ఆరిపోతుంది. ప్యానెల్ నుంచి వచ్చేది డీసీ, సున్నాకి రాదు, రవ్వ అలా సాగుతూనే ఉండి స్విచ్చిని కాల్చేస్తుంది, లేదా అతుక్కుపోయి ఇక ఆగదు. ఐరన్ బాక్సు థర్మోస్టాట్, గోడ స్విచ్చి, మామూలు ఎంసీబీ అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. డీసీకి అని రాసి ఉన్న ఎంసీబీ, డీసీ స్విచ్చి మాత్రమే తీసుకోండి.

షాక్, మంటల భయం లేదా?

జాగ్రత్త ఉండాలి. ప్యానెళ్లు రెండు ఉంటే వాటిని సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కాకుండా పారలల్‌లో కలపండి, అప్పుడు వోల్టేజీ 50 చుట్టూ ఉంటుంది. సిరీస్‌లో 60 దాటితే డీసీ షాక్ ప్రమాదకరం. ప్యానెల్‌ని ఎండలో ఆపడం కుదరదు, వైర్లు కలిపే పని ఉంటే ముదురు దుప్పటి కప్పి చెయ్యండి, లేదా చీకటి పడ్డాక.

పొయ్యి లోపల థర్మల్ ఫ్యూజ్ (వేడి హద్దు దాటితే కరెంటు ఆపేసేది) తప్పనిసరి, ఎవరూ వాడని రోజున కూడా ఎండ కాస్తూనే ఉంటుంది, ఊరెళ్లినప్పుడు పొయ్యి ఎక్కడ ఆగాలో దానికి తెలియాలి. ఊరెళ్లేముందు డీసీ ఎంసీబీ ఆపెయ్యండి. పొయ్యిని చెక్క బల్ల మీద కాకుండా గ్రానైట్ గట్టు మీదో ఇటుకల మీదో పెట్టండి, ముప్పై కిలోల రాయి, ఊల్, రేకు కలిస్తే బరువు బాగానే ఉంటుంది. మూత తీసినప్పుడు 250 డిగ్రీల పలక ఎర్రగా కనబడదు, మామూలు ఇనుములాగే ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే మూతకి గొళ్లెం పెట్టించండి.

అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాం, కుదురుతుందా?

టెర్రస్ మీద రెండు ప్యానెళ్ల చోటుకి అసోసియేషన్ ఒప్పుకుంటే కుదురుతుంది. వైరు ఇరవై మీటర్లయితే 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ డీసీ కేబుల్ తీసుకోండి, 13 ఆంపుల మీద రెండున్నర వోల్టులు పోతాయి, ఆరు శాతం లెక్క. ఇంట్లో మిగిలిన ఒకటిన్నర వైరు వాడితే దానికి రెండున్నర రెట్లకి పైన పోతుంది, వైరు కూడా వేడెక్కుతుంది. రెండు ప్యానెళ్లకి ఒక్కోదానికి విడిగా వైరు దించి విడి కాయిల్‌కి ఇవ్వడం తేలిక.

డాబా మీద సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లు పెట్టించుకున్నాం, మాకు ఇదంతా అవసరమా?

చాలావరకు అవసరం లేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఆ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, నెట్ మీటర్ ఉంటే మీరు వాడని కరెంటు లైన్లోకి వెళ్లి లెక్కలో జమ అవుతుంది. ఇండక్షన్ స్టవ్ కొనుక్కుని వండుకోండి, అంతే.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. లైన్లో కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ (లైనుకి కలిపిన) ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది, స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదని అలా చేస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఆ తర్వాతి రోజుల్లో ఎండ మాత్రం కాసింది. అలాంటప్పుడు లైనుతో సంబంధం లేని ఒక్క ప్యానెల్, ఒక పొయ్యి ఉన్న ఇల్లు వేడన్నం తింటుంది. మూడు కిలోవాట్లు ఉన్నవాళ్లు కూడా ఆ ఒక్కటి విడిగా పెట్టుకుంటే తప్పులేదని నా అభిప్రాయం.

బ్యాటరీ పెట్టి ఇండక్షన్ వాడితే?

దర్జాగా పనిచేస్తుంది, డబ్బుంటే. బ్యాటరీ కరెంటుతో ఫ్యానూ లైటూ కూడా నడుస్తాయి, దాచిన వేడితో వంట, వేడినీళ్లు తప్ప ఏమీ రావు. కానీ ఇనుప పలక ఇరవై ఏళ్లయినా అలాగే ఉంటుంది, బ్యాటరీ మార్చాలి.

వర్షాకాలంలో ఏం చెయ్యాలి?

జూలై, ఆగస్టుల్లో చాలా రోజులు సగానికి సగం వస్తుంది. మధ్యాహ్నం వంట అవుతుంది, రాత్రికి దాచుకునేంత మిగలదు. తుఫాను రోజుల్లో ఏమీ రాదు. డిసెంబరు, జనవరిలో ఆకాశం శుభ్రంగా ఉండి ప్యానెల్ చల్లగా ఉంటుంది, బాగా ఇస్తుంది. మే నెలలో అందరూ ఎక్కువ వస్తుందనుకుంటారు, కానీ అప్పుడు ప్యానెల్ అరవై ఐదు డిగ్రీల దాకా కాలిపోయి పది పన్నెండు శాతం తక్కువిస్తుంది.

ప్యానెల్‌ని దక్షిణం వైపు పదిహేను నుంచి పద్దెనిమిది డిగ్రీలు వంచి పెట్టండి, మన ఊరు 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపుకి పోతాడు, ఆ రెండున్నర నెలల కోసం స్టాండు మార్చక్కర్లేదు. డాబాకి స్టాండుని మాత్రం గట్టిగా బోల్టులేసి బిగించండి, ఇటుకలు పెట్టి వదిలేస్తే తుఫానుకి ప్యానెల్ పక్కింట్లో తేలుతుంది. ఎంవీపీ కాలనీ, జాలరిపేట, రుషికొండ లాంటి సముద్రం దగ్గరి చోట్ల బోల్టులు స్టెయిన్‌లెస్‌వి తీసుకోండి, ఉప్పు గాలి మామూలువాటిని తినేస్తుంది. వారానికోసారి నీళ్లతో తుడిస్తే ఆ ఉప్పు పొర పోతుంది.

తయారుగా కొనుక్కోవడానికి దొరుకుతుందా?

ఇండియన్ ఆయిల్ ఫరీదాబాద్ పరిశోధన కేంద్రంలో 'సూర్య నూతన్' అనే పొయ్యిని తయారు చేశారు, 2022 జూన్‌లో చూపించారు. ప్యానెల్ బయట, పొయ్యి వంటింట్లో, లోపల వేడి దాచే ఏర్పాటు, ఎండ లేకపోతే లైను కరెంటుతో కూడా నడుస్తుంది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరు ఇండియా ఎనర్జీ వీక్‌లో రెండు పొయ్యిల రకాన్ని ప్రధాని ఆవిష్కరించారు. సూత్రం పైన చెప్పుకున్నదే. ఎవరైనా ఏ కంపెనీదైనా అమ్మడానికి వస్తే మూడు అడగండి: ఇన్సులేషన్ ఎన్ని సెంటీమీటర్లు, లోపలి బరువు ఎన్ని కిలోలు, రాత్రి ఎనిమిదికి పలక ఎన్ని డిగ్రీలు ఉంటుంది. మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే కొనొద్దు.

వంట పొద్దున్న పెట్టి రాత్రి దాకా అందులోనే ఉంచితే పాడవదా?

60 డిగ్రీలకి పైన ఉన్నంతసేపు పాడవదు. దాని కిందకి దిగి గోరువెచ్చగా గంటల తరబడి ఉంటేనే ముప్పు, ముఖ్యంగా అన్నంలో. ఒక్కసారి ఆ క్రిములు విషం వదిలితే మళ్లీ వేడి చేసినా పోదు. వంటింటి థర్మామీటరు ఒకటి కొనండి. రాజ్మా వండితే కనీసం పది నిమిషాలు గలగలా మరగాలి, మరగకుండా ఎనభై డిగ్రీల దగ్గర ఉంచితే వాటిలోని విషపదార్థం పూర్తిగా పోతుందని నమ్మలేం, కడుపు పాడవుతుంది. మబ్బు రోజున రాజ్మా పెట్టకండి.

రూపాయి ఖర్చు పెట్టకుండా ముందు ఏదైనా చేసి చూడొచ్చా?

చూడండి, అదే మొదలు. ఒక గంట నానిన కందిపప్పుని గిన్నెకి ముప్పావు వంతు వచ్చేలా నీళ్లతో గ్యాస్ మీద పెట్టి పది నిమిషాలు బాగా మరగనివ్వండి. మూత తియ్యకుండా దించి, పాత దుప్పట్లు, బొంతలు నింపిన అట్టపెట్టెలో మధ్యలో పెట్టి, అడుగునా పైనా కూడా మందంగా కప్పి రెండు గంటలు వదిలెయ్యండి. తీసి పప్పు నలిపి చూడండి, థర్మామీటరు పెట్టి చూడండి. ఎనభై డిగ్రీలు ఉండి పప్పు మెదిగితే మీ చెయ్యి ఇన్సులేషన్‌కి కుదిరినట్టే, ప్యానెల్ కొనొచ్చు. అరవైకి దగ్గర్లో ఉంటే పెట్టెలో ఎక్కడ పలచగా ఉందో చేత్తో తడిమి వెతకండి, సాధారణంగా మూత దగ్గరే వెచ్చగా తగులుతుంది.